మనకెంత మిగిలింది?

ఏడాదికి ఎన్ని పుస్తకాలు చదివినవ్? చదువుకున్నోళ్ళ మధ్య ఇప్పుడిది మర్యాద ప్రశ్న అయింది. జనవరి ఒకటో తారీఖు రాంగనే ఫోన్లల్ల పందాలు మొదలైతయి. వారానికొకటి చొప్పున 52 అని ఒకరు, వంద అని ఇంకొకరు. డిసెంబర్ ఆఖరుకు అట్టలన్నీ వరుసగ పేర్చి ఫొటో దించి చూపిస్తరు. చూసినోళ్ళు చప్పట్లు కొడతరు. నేను గూడ ఆ పందెంల దిగిన. మూడేండ్లు లెక్క రాసిన. ఆ లెక్క నాకేం చూపించిందో చెప్పడానికే ఇది రాస్తున్న. కొందరికి ఇది వినసొంపుగ ఉండదు. ఉండాలని రాస్తలేను.

నేను సర్కారు బడిల టీచర్ని. జగదేవ్‌పూర్ మండలంల పుట్టిన మాదిగ బిడ్డను. నేను పుట్టినప్పుడు మాది మెదక్ జిల్లా. 2016 అక్టోబరుల సిద్దిపేట జిల్లా అయింది. జిల్లా మారింది గని ఊరికి ఆవల వాడ ఎక్కడుండెనో అక్కడనే ఉన్నది. మా ఇంట్ల మొదటి డిగ్రీ నాది. మొదటి సంతకం గూడ నాదే.

నా చదువు లెక్క జనవరిల మొదలు కాదు, ఉగాదికి మొదలైతది. ఇది పంచాంగం మీద భక్తి కాదు. మా ఇంట్ల ఏడాది అంటే ఉగాది నుంచి ఉగాది దాకనే. ఉగాదికి జీతం కుదిరేది, ఉగాదికి జీతం తెగేది. మా నాయిన ఒక పటేలు దగ్గర జీతమున్నడు. కోడి కూయకముందే పోయి, కొట్టంల పెండ తీసి, ఎడ్లకు మేతేసి, నాగలి కట్టి, పొద్దూకినంక పశువులను కట్టేసి ఇంటికొచ్చేటోడు. ఏడాదికింతని పైసలు, కొన్ని గింజలు, ఒక గొంగడి. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976ల చట్టం వచ్చింది. నేను ఐదో తరగతికి వచ్చేసరికి ఆ చట్టానికి ఇరవై ఏండ్లు దాటినయి. ఢిల్లీల పుట్టిన చట్టం మా వాడ దాక నడిచి రాలేకపోయింది.

ఉగాది నాడు పటేలు అరుగు మీద కూసొని పద్దు పుస్తకం తెరిచేటోడు. నాయిన చెప్పులిడిచి కింద నిలబడేటోడు. నేను నాయిన వెనుక నిలబడి చూసేదాన్ని. నాగా పడ్డ దినాలు ఇన్ని. జరమొచ్చి మంచంల పడ్డ దినాలు గూడ నాగాలే. అక్క పెండ్లికి తీసుకున్న బాకీ ఇంత, దాని మీద మిత్తి ఇంత. పటేలు చదువుకుంట పోయేటోడు, నాయిన తల ఊపుకుంట పోయేటోడు. ఆఖరుకు బొటనవేలుకు సిరా పూసి ముద్ర ఏయించుకునేటోడు. ఇంటికొచ్చినంక అవ్వ ఒక్కటే మాట అడిగేది: "మనకెంత మిగిలింది?" నాయిన మాట్లాడేటోడు కాదు. మిగిలింది ఇంకో ఏడాది జీతమే.

నాకు నౌకరి వచ్చిన దినం నాయిన నవ్వుకుంట అన్నడు: "నాదీ జీతమే, నీదీ జీతమే బిడ్డా. నీ కాయితం నువ్వు సదువుకుంటవ్. గదే ఫరక్." నాయిన పోయినంక ఆ మాట నన్ను విడిచిపెట్టలేదు. చదవడం రానందుకు మా నాయిన బతుకు ఇంకొకని పద్దుల ఇరుక్కపోయింది. చదవడం వచ్చిన నేను నా పద్దు నేనే రాసుకుంట అనుకున్న. అట్ల 2022 ఉగాదికి 200 పేజీల నోటుబుక్కు కొన్న. మొదటి పేజీల 52 అని రాసిన.

ఆ ఏడాది 31 దగ్గర ఆగిపోయిన. సిగ్గయింది. ఎందుకాగిపోయిన్నో ఇప్పుడు చెప్తున్న. పందెం పెట్టినోళ్ళు పుస్తకాల లెక్క అడుగుతరు గని చదివే గంటల లెక్క అడగరు. పొద్దున ఐదింటికి లేచి వంట, పిల్లలు, బస్సు. పొద్దంత బడి. మాపటికి మళ్ళ వంట, బట్టలు, అవ్వకు మందులు. రాత్రి పదింటికి పుస్తకం తెరిస్తే పది పేజీలకు కండ్లు మూతపడతయి. ఇంటి పనికి ఇంకొక ఆడమనిషి ఉన్న ఇంట్ల 52 చదువుడు ఏం గొప్ప? ఆ ఇంకొక ఆడమనిషి ఎవరు? మా అక్కనో మా చిన్నమ్మనో. వాళ్ళ గిన్నెలు మా అక్క తోముతుంటే వాళ్ళు చదివిన పుస్తకాల లెక్కల మా అక్క గంటలు గూడ ఉన్నయి. ఆ లెక్క ఏ ఫొటోల కనబడదు.

రెండో ఏడాది పట్టుబట్టిన. బస్సుల చదివిన, కూర ఉడికేటప్పుడు పొయ్యి పక్కన నిలబడి చదివిన, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకాలు, ఎన్టీఆర్ స్టేడియం బుక్‌ఫెయిర్ పుస్తకాలు మోసుకొచ్చి చదివిన. సరిగ్గ 52 అయినయి. స్టాఫ్‌రూంల మెచ్చుకున్నరు. ఒకాయన, మంచోడే, మనసారనే అన్నడు: "మీవాళ్ళల్ల ఇంత చదివేటోళ్ళను నేను చూడలేదమ్మా." ఆ మాట మెప్పో తిట్టో నాకు అర్థం కాకముందే నేను థాంక్స్ చెప్పిన. ఆ థాంక్స్ ఇప్పటికీ నా గొంతుల గుచ్చుకుంటది.

2024 ఏప్రిల్ 9 ఉగాది. అవ్వ దగ్గరికి పోయిన. ఆమె పోలెలు చేస్తుంటే నేను పక్కన కూసొని నోటుబుక్కు తీసి 52 పేర్లు చదివి వినిపించిన. నాయిన ఉంటే సంబురపడేటోడని నా ఆశ. అవ్వ అన్నీ విన్నది. పిండి చేతులు కడుక్కుంట అన్నది: "పటేలు గూడ గిట్లనే సదివేటోడు బిడ్డా. గడగడ సదివేటోడు. ఇన్నోళ్ళకు ఏం తెల్వది. గింత పద్దుల మనకెంత మిగిలింది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఎర్రపెన్ను తీసుకొని 52 పుస్తకాల పక్కన ఇంకో గడి గీసిన. ఎవరు రాసిండ్రు? మేము అందుల ఉన్నమా? ఉంటే ఎట్లున్నం?

52ల దళితులు రాసినవి నాలుగు. ఆ నాలుగుల దళిత స్త్రీ రాసింది ఒక్కటి. మిగిలిన 48ల 29 పుస్తకాలల్ల మేము అసలే లేము. ఊరుంటది, చెరువుంటది, పంట ఉంటది, పండుగ ఉంటది. నాట్లేసిన చేతులుండయి. చచ్చిన గొడ్డును ఎత్తినోడు ఉండడు, డప్పు మోత ఉంటది గని డప్పు కొట్టినోనికి పేరుండదు. 19ల మేమున్నం. ఎట్లున్నం? తాగుబోతులుగ, నమ్మకమైన పాలేర్లుగ, దొర కొడుకు మనసు మారడానికి చచ్చిపోయే పిల్లగ, పంతులుగారు ఉద్ధరించాల్సిన మురికిగ. ఒకరిద్దరు రచయితలు ప్రేమతోనే రాసిండ్రు. ఆ ప్రేమల గూడ మేము మాట్లాడం, మా గురించి మాట్లాడతరు.

అంటే నేను ఏడాదంత నిద్ర చంపుకొని చదివింది ఇంకొకని పద్దే. 52 సార్లు తల ఊపిన. ఆఖరుకు ఏలిముద్ర గూడ ఏసిన, పెన్నుతోటి.

తప్పు నా ఒక్కదానిదే కాదు. నేను తెలుగు ఎమ్మే చదివిన. నా చేతికి ఏ పుస్తకం ఎవరిచ్చిండ్రో ఎనక్కి తిరిగి చూసుకున్న. చిన్నప్పుడు బడిల గరిమెళ్ళ 'మాకొద్దీ తెల్లదొరతనము' గురించి చెప్పిండ్రు. మంచిదే, జైలుకు పోయిన కవి. ఆ రోజులల్లనే రాజమండ్రిల కుసుమ ధర్మన్న అనే దళిత కవి 'మాకొద్దీ నల్లదొరతనము' అని రాసిండని నాకు ఏ సారూ చెప్పలేదు. తెల్లదొర పోవాలన్న పాట పాఠమైంది. నల్లదొర సంగతేందని అడిగిన పాట పాఠం కాలేదు. ఎందుకు కాలేదో ఆలోచించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. పాఠం చెప్పే పంతులు ఏ అరుగు మీద కూసున్నడో చూస్తే చాలు.

జాషువా 'గబ్బిలం' 1941ల వచ్చింది. అందుల కొన్ని పద్యాలు మాకు చెప్పిండ్రు. ప్రతిపదార్థం రాయించిండ్రు, అలంకారం గుర్తుపట్టుమన్నరు, కరుణరసం అని రాస్తే మార్కులేసిండ్రు. గబ్బిలానికి తన గోస చెప్పుకుంటున్నది ఒక అరుంధతీయుడని, అంటే మావోడేనని ఒక్క మాట అనలేదు. నేను మూడో బెంచీల కూసొని మా తాత గోసకు ప్రతిపదార్థం రాసిన. పదికి తొమ్మిది మార్కులు వచ్చినయి.

'మాలపల్లి' సంగతి చెప్తె కొందరికి కోపమొస్తది. 1922ల వచ్చి మద్రాసు సర్కారు నిషేధానికి గురైన నవల. ఉన్నవ లక్ష్మీనారాయణ మీద నాకు గౌరవముంది. ఆ కాలంల ఆ పేరు అట్ట మీద పెట్టడమే ధైర్యం. కాని మాలపల్లి పేరు పెట్టుకున్న నవలను రాసింది మాలపల్లి చెయ్యి కాదు. నూరేండ్లుగ దళిత జీవితం అనంగనే ముందుగ ఆ పేరే చెప్తరు. ఉన్నవ తప్పు ఇది కాదు. ఆయన వెనుక నిలబడి మా చేతులను దాచిపెట్టినోళ్ళ తప్పు.

ఇక్కడికి రాంగనే ఒక ప్రశ్న వస్తదని నాకు ఎరుకే. "సాహిత్యంల కులమేంది? నువ్వు రచయిత కులం చూసి పుస్తకం చదువుతవా?" సభలల్ల అడుగుతరు, స్టాఫ్‌రూంల అడుగుతరు, ప్రగతిశీలమని చెప్పుకునేటోళ్ళు గూడ అడుగుతరు. నా జవాబు ఇది. 2024 నవంబరుల మన రాష్ట్రంల కులగణన సర్వే జరిగింది. టీచర్లం ఇల్లిల్లు తిరిగి తలుపు మీద స్టిక్కర్లు చూసుకుంట ఫారాలు నింపినం. నీ కులమేంది, నీకెంత భూమి ఉంది, నువ్వేం చదివినవ్ అని అడిగినం. ఎవరి దగ్గర ఏముందో తెల్వాలంటే లెక్క తియ్యాలని సర్కారే ఒప్పుకున్నది. భూమికి లెక్క ఉండాలె, నౌకరికి లెక్క ఉండాలె, పుస్తకాల బీరువాకు మాత్రం ఎందుకొద్దు? కులం చూసి పుస్తకం చదివేది నేను కాదు. నాకన్న ముందే కులం చూసి పుస్తకం అచ్చేసిండ్రు, కులం చూసి సమీక్ష రాసిండ్రు, కులం చూసి సిలబస్సుల పెట్టిండ్రు. నేను ఆ పనిని ఎర్రసిరాతోటి లెక్క తీసిన, అంతే. నేను ఎవరినీ చదవొద్దంటలేను. లెక్క చెప్పుమంటున్న.

మూడో ఏడాది 52ను కొట్టేసిన. అంకె పెట్టుకోలేదు. 2025 మార్చి 30 ఉగాది దాక చదివినవి 23. అందుల దళితులవి 15, ఆ 15ల దళిత స్త్రీలవి ఏడు. పందెం లెక్కల నేను ఓడిపోయిన. కాని ఆ 23ల ఏం జరిగిందో చెప్తా.

వేముల ఎల్లయ్య 'కక్క' మాదిగ పలుకుతోటి నిండిన నవల. దాన్ని చదవడానికి నాకు మూడు వారాలు పట్టింది. మార్కెట్ల దొరికే నవల రెండు రాత్రుల అయిపోతది, మరి నా ఇంటి మాటతోటి ఉన్న నవల ఎందుకు ఆలస్యమైంది? ఎందుకంటె ఆ మాటను నేను నోటితోటి పలికిన గని అచ్చుల ఎన్నడూ చూడలేదు. నా కన్నుకు అలవాటు లేదు. బడిల చేరిన దినం నుంచి ఆ మాట తప్పని చెప్పి నా నోట్లనుంచి పీకేసిండ్రు. ఇరవై ఏండ్లల్ల పీకేసిన మాటను తిరిగి నాటుకోవడానికి మూడు వారాలంటే ఎక్కువ కాదు. పందెం లెక్కల అది గూడ ఒకటే, ఇది గూడ ఒకటే. అంకెకు ఈ ఫరక్ తెల్వది.

వై.బి. సత్యనారాయణ 'మా నాయన బాలయ్య'ను అవ్వకు చదివి వినిపించిన. ఇంగ్లీషుల 2011ల వచ్చింది, తర్వాత తెలుగుల వచ్చింది. కరీంనగర్ దిక్కు మాదిగ కుటుంబం, రైలు పట్టాల పక్కన బతుకు, మూడు తరాల చదువు కొట్లాట. చెప్పుల జత కుట్టిచ్చినందుకు నిజాం 50 ఎకరాలు ఇస్తే, ఊరి దొర రెండెకరాలు చేతిల పెట్టి మిగిలింది తీసుకున్న కాడికి వచ్చిన. అవ్వ ఆపుమన్నది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది: "రెండెకరాలన్న మిగిలిందా ఆళ్ళకు." నేను 52 పుస్తకాలు చదివినా ఏ విమర్శకుడూ నాకు చెప్పని మాట అది. అవ్వ దాన్ని పద్దులాగ విన్నది. ఎంత రాసిచ్చిండ్రు, ఎంత చేతికొచ్చింది?

గోగు శ్యామల కూర్చిన 'నల్లపొద్దు' చదివిన. 1921 నుంచి 2002 దాక దళిత స్త్రీలు రాసిన సాహిత్యం అది. అట్ట మీద ఆ సంవత్సరాలు చూసి నాకు దుఃఖమొచ్చింది. 1921 నుంచి రాస్తున్నరు. నేను డిగ్రీ చదివి, ఎమ్మే చదివి, బీఎడ్ చేసి, పిల్లలకు తెలుగు చెప్తూ, ముప్పై దాటేదాక ఆ పేర్లల్ల ఒక్కటీ ఎరుగ. జూపాక సుభద్ర 'రాయక్క మాన్యం' కథలు చదివితే మా చిన్నమ్మలు కండ్ల ముందు నడిచిండ్రు.

ఇక్కడ మా అన్నలతోటి గూడ ఒక మాట ఉంది. మా ఇంటికి వస్తరు. అంబేద్కర్ మీద, మార్క్స్ మీద, వర్గీకరణ మీద రాత్రి పన్నెండు దాక వాదిస్తరు. నేను చాయ్ పోస్త. మళ్ళ చాయ్ పోస్త. 'కుల నిర్మూలన' ఎన్నిసార్లు చదివిండ్రో చెప్పుకుంటరు. ఒకసారి నేను అడిగిన: "అన్నా, దళిత స్త్రీలు రాసినవి ఎన్ని చదివినవ్?" నవ్విండు. చాయ్‌ల చక్కెర తక్కువైందన్నడు. అన్నలారా, అగ్రవర్ణం మన పేరు రాయలేదని కొట్లాడుతున్నరు. మీ పద్దుల మా పేరు ఏది? అరుగు కింద నిలబడ్డోళ్ళం అందరం ఒక్కటే అంటరు. ఆ కింద గూడ మమ్మల్ని వెనుకకే నిలబెడ్తే ఎట్ల?

అంబేద్కర్ చదువు గురించి ఒక మాట. ఆయన పుస్తకాల పిచ్చి గురించి సభలల్ల కథలు కథలుగ చెప్తరు. దాదర్‌ల రాజగృహ కట్టించుకున్నది పుస్తకాల కోసమే అంటరు. నిజమే. కాని 1917 బరోడా సంగతి గూడ చెప్పాలె. కొలంబియాల, లండన్‌ల చదివి వచ్చిన మనిషి. విడిగ ఓడల పంపిన ఆయన పుస్తకాలు యుద్ధంల సముద్రం పాలైనయి. బరోడాల నౌకరి చేస్తుంటే ఉండటానికి ఇల్లు దొరకలేదు. కులం చెప్పకుండ పార్సీల సత్రంల ఉంటే, కర్రలు పట్టుకొని గుంపు వచ్చి వెళ్ళగొట్టింది. ఆ గుంపుల ఎవడన్న ఆయన చదివినన్ని పుస్తకాలు చదివి ఉంటడా? పుస్తకాలు చదివితే కులం పోదు. ఎన్ని చదివినా పోదు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల రోహిత్ వేముల ప్రాణం పోయింది. కార్ల్ సాగన్ లాగ సైన్సు రచయిత కావాలనుకున్న పిల్లగాడు. ఆయన తక్కువ చదివిండా? మరి ఎందుకు చదవాలె? నాయిన పద్దు నాయిన చదువుకోగలిగి ఉంటే జీతం అయిపోయేదో లేదో నాకు తెల్వదు. కాని తల మాత్రం ఊపేటోడు కాదు. అందుకు చదవాలె. తల ఊపకుండ ఉండటానికి.

ఇంకో లెక్క గూడ ఉంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్నుల రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకం. మా వాడల అవ్వ గూడ కడ్తది. అక్షరం రాని ముసలామె పుస్తకాల కోసం పన్ను కడుతున్నది. ఒక లైబ్రరీకి పోయి దళిత సాహిత్యం ఏమున్నదని అడిగిన. పోటీ పరీక్షల గైడ్లు చూపించిండ్రు, ఆధ్యాత్మికం చూపించిండ్రు. బీరువాల ఏమున్నదంటే తాళం చెవి ఉన్నాయన సెలవన్నరు. మా అవ్వ పైసలతోటి కొన్న బీరువా అది. మా అవ్వకెంత మిగిలింది?

నా పద్దుకు గూడ ఒక లోపం ఉన్నది, దాచను. అవ్వకు అక్షరం రాదు, కాని చిందోళ్ళు ఆడిన జాంబపురాణం ఆమెకు నోటికి వస్తది. భూమి కంటె ముందు పుట్టిన జాంబవంతుని కథ, మా కులం పుట్టుక కథ. కొండపోచమ్మ జాతరకు పోయినప్పుడల్ల దారి పొడుగున చెప్తది. నేను దాన్ని ఏ గడిల రాయాలె? అట్ట లేదు, పేజీలు లేవు. ఆ పుస్తకాన్ని నేను ముప్పై ఐదేండ్లు విని గూడ చదివినట్టు లెక్క ఏసుకోలేదు. ఈ ఉగాదికి నోటుబుక్కుల ఒక పేజీ దానికి ఇడిసిపెట్టిన. అవ్వ చెప్తుంటే రాస్తున్న.

మా బడిల ఎనిమిదో తరగతి పిల్లలకు నోటుబుక్కులు కొనిచ్చిన. నాలుగు గడులు గీయించిన. పుస్తకం పేరు. రాసింది ఎవరు. మనం ఉన్నమా, ఎట్లున్నం. ఎంత మిగిలింది. మొదటి పాఠంగ ముక్తా సాళ్వే గురించి చెప్పిన. ఫూలే దంపతుల బడిల చదివిన మాంగ్ కులం పిల్ల. మరాఠీ దేశంల మాంగ్ అంటే మన మాదిగోళ్ళ లెక్క. 14 ఏండ్లకు, 1855ల, మాంగ్ మహార్ల దుఃఖం మీద వ్యాసం రాసింది. వేదం చదివే హక్కు మాకు లేకపోతే మరి మా మతమేందో చెప్పుమని అడిగింది. ఆమె ఎన్ని పుస్తకాలు చదివిందని ఎవరూ లెక్క రాయలేదు. చదివిన ఆ కొంచెంతోటే అరుగు మీదోళ్ళను నిలదీసింది. మా క్లాసుల వెనక బెంచీ పిల్ల లేచి అడిగింది: "టీచర్, ఆమె నాకంటె ఒక్క ఏడాదే పెద్దది గదా?" అవును, ఒక్క ఏడాదే.

ఇది చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెండ్లు, ఉద్యమకారులు, యూనివర్సిటీ హాస్టళ్ళల్ల రాత్రులు చదివేటోళ్ళు, మీ అందరికీ చెప్తున్న. ఏడాదికి ఎన్ని చదివినవని ఎవరన్న అడిగితే అంకె చెప్పకుండ్రి. మీ పద్దు మీరు తెరవండి. ఎర్రసిరాతోటి గడి గీయండి. సిలబస్సు వేసే కమిటీలను, అకాడమీలను, బీరువాల తాళం చెవులున్నోళ్ళను అరుగు దిగి వచ్చి పద్దు చూపెట్టుమని అడగండి. మా నాయిన అడగలేకపోయిండు. మా అవ్వ ఇంట్ల అడిగింది, బయట అడగనీయలేదు. నేను బయట అడుగుతున్న.

ఇంత చదివించిండ్రు గదా. మనకెంత మిగిలింది?